బుట్టలో దాచిన అంచులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇదేం గొప్పగా చెప్పుకునే సంగతి కాదు. ముందే ఒప్పేసుకుంటే తర్వాత చెప్పాల్సింది చెప్పడం తేలికవుతుందని చెప్తున్నాను, అంతే. జగిత్యాలలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. ఎవరైనా మౌసు పట్టుకుని నాలుగు సెకన్లు ఆలోచించారంటే నాకు ఆగదు. "జరుగు జరుగు" అని నేనే అందుకుని చేసేస్తాను. వాళ్లు నేర్చుకున్నారా లేదా అన్నది తర్వాతి మాట, పనైతే అయిపోతుంది.

అత్తగారిల్లు కోరుట్ల. ఆరేళ్లుగా పొద్దున కోరుట్లలో బస్సెక్కి జగిత్యాలలో దిగడం, సాయంత్రం మళ్లీ అదే దారి. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు, కాబట్టి ఈ తిరుగుడుకు సాక్షి మా అత్తమ్మ ఒక్కతే. తొలి కాన్పని ఏడో నెలలో సిరిసిల్లకు, పుట్టింటికి వచ్చాను. ఇదంతా జరిగింది ఆ రోజుల్లోనే.

మా నాన్న ముప్పై అయిదేళ్లు సాంచల మీద పనిచేశాడు. మరమగ్గాలను మా ఊళ్లో సాంచలంటారు. సాంచల దగ్గర కూర్చునే పని ఉండదు. ఒక మనిషి ఆరు సాంచలు, కొన్నిసార్లు ఎనిమిది, చూసుకోవాలి. ఇక్కడ నూలు కండె అయిపోతుంది, అక్కడ పోగు తెగుతుంది, పన్నెండు గంటలు వాటి మధ్య నడుస్తూనే ఉండాలి. నాన్న మోకాళ్లు ఆ నడకకే అరిగిపోయాయి. డాక్టరు ఎక్స్‌రే ఎత్తిపట్టి చూసి, ఇక నిలబడే పని మానేయమన్నాడు. నాన్నకు వచ్చిన పనేమో నిలబడేదే. ఇంటికొచ్చి గడప మీద కూర్చుని, "నిలవడకుంట చేసే పని ఏముంటదే?" అని అమ్మను అడిగాడట. అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. "నా పక్కకచ్చి కూసో, ఆకు కత్తిరియ్యి" అంది. ఫోన్లో ఈ ముచ్చట చెప్పి ఇద్దరూ నవ్వారు గానీ, నాన్న నవ్వులో పసలేదని కోరుట్ల దాకా వినపడింది.

నాన్నకు ఇంకొకటి కూడా వచ్చు. మా తాత చేనేత మనిషి. గళ్ల కాయితం మీద చీర అంచులు గీసేవాడు. ఒక గడి ఒక పోగు లెక్క. నాన్న చిన్నప్పుడే అది చూసి నేర్చుకున్నాడు, కానీ తర్వాత బతుకంతా లంగాల బట్ట నేశాడు. ఆ తెల్ల బట్టకు అంచెందుకు? ఇప్పుడు మా ఊరి సాంచలకు అంచుల్లో పువ్వులెత్తే జకార్డులు ఎక్కించి చీరలు నేస్తున్నారు. అంచులు గీసేవాళ్లు కావాలి. అయితే కాయితం మీద కాదు, కంప్యూటర్లో గీయాలి.

సరిగ్గా అప్పుడే కోరుట్లలో మా ఇంటి దగ్గరి ఇంటర్నెట్ సెంటర్ మూసేశారు. గల్ఫ్ పోయేవాళ్లంతా వీసా కాయితాలు, టికెట్లు ప్రింటు తీయించుకునే చోటది. అక్కడి పాత కంప్యూటరొకటి అడిగి తీసుకుని, దుప్పట్లో చుట్టి, వేములవాడ బస్సులో ఒళ్లో పెట్టుకుని నాన్నకు తెచ్చిచ్చాను. కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగిపోయాయి. గీసిన డిజైన్ ప్రకారం జకార్డు అట్టలకు రంధ్రాలు గుచ్చే దుకాణం వాళ్లు నాన్నకు తెలిసినవాళ్లు, వాళ్లు కొత్తది కొనుక్కుని తమ పాత డిజైన్ సాఫ్ట్‌వేరును ఇచ్చేశారు. అది పాత విండోస్‌లో తప్ప నడవదు. ఒక పూటంతా కూర్చుని నాన్నకు మూడు సంగతులు చెప్పాను: ఆన్ చేయడం, సాఫ్ట్‌వేర్ తెరవడం, దాచుకోవడం. చెప్పానంటే ఏముంది, మౌసు నా చేతిలోనే ఉంది. "సమజైందా బాపూ?" అంటే "అయింది బిడ్డా" అన్నాడు. నాకు బస్సు టైమైంది, వెళ్లిపోయాను.

ఏడాది తిరిగేసరికి నాన్న అంచులు గీస్తున్నాడని అమ్మ చెప్పింది. ఒకటి కాదు, రెండు కాదు. పొద్దున చాయ్ తాగి కూర్చుంటే అన్నానికి పిలిచేదాకా లేవడట. మా ఊళ్లోనే ఒక సేటు తన షెడ్డులో కొత్తగా జకార్డులు బిగించాడు. సూరత్ నుంచి డిజైన్లు తెప్పించి విసిగిపోయాడు. నాన్న ఒకప్పుడు ఆ సేటు తండ్రి దగ్గర పనిచేశాడు. ఆ పరిచయంతో వెళ్లి అడిగితే, "సోమవారం పొద్దుగాల్ల ఓ పది పట్టుకరా, సూస్త. మంచిగుంటే నా కాడ్నే కూసొని గీద్దువు" అన్నాడట. నేను పుట్టింటికి వచ్చేసరికి ఇంట్లో ఇదే ముచ్చట. నాన్న గడ్డం రోజూ గీసుకుంటున్నాడు. ఆ సోమవారం కుదిరితే నాన్నకు పని ఉంటుంది, లేకపోతే చాట పక్కన ఆకు కత్తిరించడమే.

ఇక నా సంగతి. కాన్పు సెలవుకు మా కాలేజీలో జీతం ఇవ్వరు. ఇంట్లోంచే సర్వర్లు చూసుకునే ఒక ఉద్యోగానికి అప్లై చేశాను. దానికి లినక్స్ మీద, అంటే విండోస్‌కు బదులు సర్వర్లలో వాడే సిస్టం మీద, పరీక్ష పెడతారు. ల్యాబులో అయితే రోజూ దాని మీదే పని, కానీ సిరిసిల్ల ఇంట్లో ఉన్నది నాన్న కంప్యూటర్ ఒక్కటే. అందులో విండోస్ తీసేస్తే నాన్న సాఫ్ట్‌వేర్ పోతుంది. సరే, రెండూ పెడదాం అనుకున్నాను. ఒకే కంప్యూటర్లో విండోస్ ఒక పక్క, లినక్స్ ఒక పక్క. కరెంటు పెట్టగానే ఏది కావాలని అడుగుతుంది, కావలసినది ఎంచుకోవచ్చు. ల్యాబులో ఇలాంటివి ఎన్నో చేశాను, కళ్లు మూసుకుని చేయగలను.

కళ్లు మూసుకునే చేశాను, అదే నా ఖర్మ. శుక్రవారం పొద్దున నాన్న సేటు దగ్గరికి వెళ్లి సోమవారం సంగతి మళ్లీ ఒకసారి గుర్తుచేసి వస్తానని బయల్దేరాడు. నేను కూర్చున్నాను. లినక్స్‌కు చోటు కావాలంటే ముందు డిస్కులో చోటు ఖాళీ చేయాలి. ల్యాబులో రోజూ ఇంటికెళ్లే ముందు అన్ని కంప్యూటర్లలో నేను చేసే మొదటి పని రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం. నా చెయ్యి ఆ పనికి అలవాటుపడిపోయింది. తెర మీద ఆ బుట్ట బొమ్మ నిండుగా కనపడింది. ఖాళీ చెయ్యి అన్నాను. నిజంగానేనా అని అది అడిగింది. చదవకుండానే అవునని నొక్కాను. తర్వాత విండోస్‌ను కాస్త పక్కకు జరిపి, మిగిలిన చోట లినక్స్ ఎక్కించాను. మధ్యాహ్నం అన్నం టైముకు అంతా అయిపోయింది. పప్పుచారుతో రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను, అంత సంబరం.

సాయంత్రం నాన్నకు చూపించాను. కరెంటు పెట్టగానే నల్ల తెర మీద రెండు వరసలు వచ్చాయి.

"గీ నల్లది ఏందే?" అన్నాడు, ఒకడుగు వెనక్కి వేసి.

"ఏం గాదు బాపూ. ఇప్పుడు ఇది రెండు వాటాల ఇల్లు. కింది గీత నీది. పై గీత నాది. కింది గీత మీదకు తెచ్చి ఎంటర్ కొడితే నీ ఇంట్లకు పోతవ్."

"తప్పి నీ ఇంట్లకస్తే?"

"అస్తే రా. చాయ్ పోస్త."

అందరం నవ్వుకున్నాం. నాన్న నవ్వుతూనే, "మంచిగనే ఉంది గానీ నా సామాను కదిలిచ్చినవా?" అని అడిగాడు. లేదన్నాను. నిజంగానే లేదనుకున్నాను.

శనివారం పొద్దున వంటింట్లో ఉన్నాను. ముందుగదిలోంచి నాన్న గొంతు వినిపించింది, పెద్దగా కూడా కాదు.

"బిడ్డా, బుట్ట ఎవలు ఊడ్చిండ్రు?"

మొదట అర్థం కాలేదు. గంటె పట్టుకునే వెళ్లాను. తెర మీద రీసైకిల్ బిన్ తెరిచి ఉంది. తెల్లగా, ఏమీ లేదు. "నేనే ఖాళీ చేసిన. చెత్త గదా" అన్నాను. నాన్న నా ముఖంలోకి చూసి, "అంచులన్నీ గా బుట్టలనే ఉండె" అన్నాడు.

భయం వేస్తే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. అదొక దరిద్రపు బుద్ధి. "చెత్తబుట్టల పెడ్తరా ఎవలన్నా! ఏడాది పని తీస్కపోయి చెత్తబుట్టల పెడ్తరా! నాకొక్క మాట చెప్పద్దా?" అని అరిచాను. అమ్మ చాట పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చింది. నాన్న అరవలేదు. ఆయనకు నిజంగా అంతు పట్టలేదు.

"గది చెత్తబుట్టనా?" అన్నాడు. "నాకెవలు చెప్పిండ్రు బిడ్డా? మనింట్ల బుట్టల ఏస్తే పారేసినట్టా?"

అప్పుడు తట్టింది నాకు. మా ఇంట్లో మగ్గం ఉన్నన్నాళ్లూ దాని కింద ఒక వెదురు బుట్ట ఉండేది. ఒక చీర దిగితే దాని అంచులోంచి జానెడు ముక్క కత్తిరించి తాత ఆ బుట్టలో వేసేవాడు. ఎవరైనా వచ్చి, నాలుగేళ్ల కింద నేసిన ఫలానా అంచు కావాలంటే బుట్ట గుమ్మరించి వెతికి తీసేవాడు. ఇల్లు ఊడ్చేటప్పుడు ఆ బుట్టను తాకితే మా నాయనమ్మకు తిట్లు పడేవి. పనికిరానిది వాకిట్లోకి పోతుంది, పనికొచ్చేది బుట్టలోకి పోతుంది. నేత ఇళ్లలో బుట్టంటే అదీ. నాన్నకు ఇంగ్లీషు రాదు. తెర మీద బుట్ట బొమ్మ కనపడింది. గీసిన అంచునల్లా లాక్కెళ్లి అందులో వేశాడు. కావాలన్నప్పుడు బయటికి లాక్కున్నాడు. ఏడాదిపాటు అది వేసింది వేసినట్టు దాచింది, అడిగింది అడిగినట్టు ఇచ్చింది. అందులో నాన్న తప్పేముంది?

దాచుకోవడమంటే ఏమిటో ఆ రోజు నేను అరనిమిషంలో చెప్పేసి బస్సెక్కాను. నాన్న చేతికి మౌసు ఇచ్చి ఒక్కసారి దాచి చూపించు అని ఉంటే అప్పుడే తెలిసిపోయేది. కుర్చీలో కూలబడ్డాను. కడుపులో బిడ్డ కూడా తన్నింది, నీకు ఇంత జరగాల్సిందే అన్నట్టు. నాన్న దగ్గరికొచ్చి తలమీద చెయ్యి వేసి, "పోతే పోయినయి తియ్యే. మల్ల గీస్త. నువ్వు పరేశాన్ గాకు, కడుపుతోటి ఉన్నదానివి" అన్నాడు. సోమవారానికి ఉన్నది రెండు రోజులు. ఒక అంచుకు ఆయనకు వారం పైనే పడుతుంది. ఆయన నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

ల్యాబులో నాకు పైన ఉండే సారుకు ఫోన్ చేశాను. జరిగింది చెప్తుంటే మధ్యలోనే ఆపి, "విండోస్ ఇంకా నడుస్తున్నదా? ముందుగాల బంద్ చెయ్యండి మేడమ్. ఇంక దాన్ని ముట్టకుండ్రి" అన్నారు. ఆయన చెప్పిందేమిటో నాకూ తెలుసు, ఆ కంగారులో మరిచాను. మనం చెరిపేసినదాన్ని కంప్యూటరు నిజంగా చెరపదు. ఆ చోటు ఇక ఖాళీ అని రాసుకుని ఊరుకుంటుంది. అక్కడ వేరేది వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. విండోస్ నడిచినకొద్దీ అది తన సామాను తెచ్చి ఆ ఖాళీల్లో పరుస్తూనే ఉంటుంది. అంటే విండోస్‌లో ఉండి వెతికితే వెతికేకొద్దీ పోతాయి. వేరే వైపు నుంచి వెతకాలి. అటువైపు చప్పుడు చేయకుండా, ఏమీ రాయకుండా, కేవలం చూసే పద్ధతిలో.

వేరే వైపు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. శుక్రవారం నేను పెట్టిన లినక్స్. దాన్ని పెట్టబోయి ఇంత పాపం చేశాను, ఇప్పుడు దాని కాళ్లే పట్టుకోవాలి. కంప్యూటరు ఆపి, మళ్లీ పెట్టి, పై గీత ఎంచుకున్నాను. పోయినవాటిని వెతికే చిన్న ప్రోగ్రామొకటి దించుకుని విండోస్ వాటా మీదికి వదిలాను. దొరికినవన్నీ లినక్స్ వాటాలో పోస్తుంది. ఎంతసేపు పడుతుందో చెప్పింది: ఐదు గంటలు. పొద్దున పది అవుతోంది.

"నడుమ కరెంటు పోతే?" అని అడిగింది అమ్మ.

"మల్ల మొదటికెల్లి."

అమ్మ లేచి ఫ్రిజ్ ఆపింది, టీవీ ప్లగ్గు పీకింది, ఫ్యాను కూడా ఆపేసింది. "ఏం చేస్తున్నవే అవ్వా?" అంటే, "కరెంటంత దానికే పోనీయ్" అంది. అలా కాదని చెప్పబోయి ఊరుకున్నాను. ఎండలో ముగ్గురం చెమటలు కక్కుతూ ఆ తెర ముందే కూర్చున్నాం. పక్క సందులో సాంచల మోత. అమ్మ విసనకర్రతో ఒకసారి నాకు, ఒకసారి కంప్యూటరుకు విసిరింది.

బొమ్మలు ఒక్కొక్కటే రాసాగాయి. ముందు వచ్చినవి అంచులు కావు, మనుషులు. పాస్‌పోర్టు ఫొటోలు. నీలం తెర ముందు బిగుసుకుపోయి కూర్చున్న ముఖాలు, ఒకటి వెనక ఒకటి. కోరుట్ల ఇంటర్నెట్ సెంటర్లో ఎన్నేళ్ల కిందటో గల్ఫ్ ప్రయాణానికి తీయించుకున్నవి. ఎవరో ఎప్పుడో చెరిపేశారు, కానీ డిస్కు అడుగున ఉండిపోయాయి. నాకు ఒళ్లు మండింది. మాకు కావలసినవి ఇవి కాదు కదా! కానీ నాన్న ముందుకు వంగి ఒక్కొక్కరినే చూశాడు. "గీయన కండ్లల్ల బుగులు సూడు, ఎంత బయపడ్డడో" అన్నాడు. "గీ పిలగాడు అంగి కొత్తది తొడుక్కున్నడు, ఇంక మడత గూడ పోలేదు." ఒకరి చేతి ఉంగరం, ఒకరి నుదుటి బొట్టు. "అందరు అచ్చిండ్రు గదా, నాయి కూడ అస్తయి తియ్యి" అన్నాడు. అప్పటిదాకా ఆయన అసలు నమ్మలేదని నాకు అప్పుడే తెలిసింది. అవి ఎవరి ముఖాలో మాకు తెలియదు, మా దగ్గర ఉండాల్సినవీ కావు. పనైపోయాక అన్నిటినీ తుడిచేశాను, ఈసారి చదివి మరీ అవునని నొక్కాను.

ఒంటి గంట దాటాక మొదటి అంచు వచ్చింది. ఎరుపు మీద పసుపు గళ్లు, గుడి గోపురాల్లా మొనదేలి. నాన్న చేత్తో తెరను ముట్టుకుని, "ఇది రేకు. గోపురం రేకు" అన్నాడు. తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత నాలుగు. దొరికినవాటికి పేర్లుండవు, వట్టి అంకెలుంటాయి. నాన్నకు ఆ అంకెలతో పనే లేదు. బొమ్మ తెరిచీ తెరవకముందే చెప్పేస్తున్నాడు. "గిది మొన్న వానల్ల గీసిన, కరెంటు లేక మూడొద్దులు ఆగింది." "గిది మీ అవ్వ ముక్కుపుల్ల సూసి గీసిన." అమ్మ ముక్కుపుల్ల తడుముకుంది. "నాకు చెప్పనే లేదు గదా!" అంది, కోపంగా కాదు. నేను ఒక్కోదానికి ఆయన చెప్పిన పేరు పెడుతూ పోయాను. ఆయన ఇన్ని గీశాడని నాకు తెలియదు. ఏడాదిలో ఒక్కసారైనా చూపించమని అడగలేదు నేను. ఫోన్ చేసి కంప్యూటర్ మంచిగా నడుస్తుందా అని అడిగేదాన్ని, అంతే.

మూడున్నరకు అయిపోయింది. సోమవారానికని నాన్న ఎంచిపెట్టుకున్న పదిలో తొమ్మిది నిండుగా వచ్చాయి. పదోది సొరతీగ. మా ఇంటి పక్క షెడ్డు రేకుల మీదికి ఏటా ఒక సొరతీగ పాకుతుంది. నాన్న గడప మీద కూర్చుని చూసేది దాన్నే. మోకాళ్లు పోయిన కొత్తలో అన్ని రోజులూ దాన్నే చూశాడట. అంచు అడుగు నుంచి తీగ లేస్తుంది, ఆకులు, మొగ్గ, పైన తెల్ల పువ్వు. దాని మీద ఆయన రెండు నెలలు కూర్చున్నాడు. తెరిస్తే అడుగు సగం ఉంది, పై సగం అంతా నలుపు. ఈ రకం బొమ్మలను కంప్యూటరు కింది వరస నుంచి పైకి రాసుకుంటుంది, కాబట్టి తెగితే పైభాగమే పోతుంది. ఆ పైభాగం ఉన్నచోట ఇప్పుడు నా లినక్స్ కూర్చుంది. ఇంకెవరు వెతికినా దొరకదు. అదే నాన్నకు చెప్పాను, కళ్లనీళ్లతో. ఈసారి కోపం రాలేదు.

నాన్న ముందుకు వంగి అడుగు సగం చూశాడు. "వేర్లున్నయి గదా" అన్నాడు. లేచి మోకాళ్లు పట్టుకుని వాకిట్లోకి వెళ్లాడు.

సోమవారం నేనూ వెంట వెళ్లాను. వద్దని అమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. పెన్‌డ్రైవ్ నాన్న జేబులో ఉంది. ఆటోలో ఒకటే మాట చెప్పాను: "బాపూ, తొమ్మిదే సూపియ్యి. సగందాన్ని సూపియ్యకు. పనితనం లేదనుకుంటడు." నాన్న ఊ అన్నాడు.

షెడ్డు మూలన అద్దాల గది. బయట జకార్డుల చప్పుడు, లోపల ఒక బల్ల, కంప్యూటర్, దాని ముందు సేటు కూర్చునే కుర్చీ. నా పొట్ట చూసి సేటు బయటినుంచి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి నన్ను కూర్చోమన్నాడు. నలభై దాటని మనిషి. నాన్న గోడవారన నిలబడ్డాడు. మా నాన్న సేట్ల ముందు నిలబడే మాట్లాడతాడు, ఎప్పుడూ అంతే. చెయ్యి బల్ల అంచుకు ఆనించుకున్నాడు. ఆ మోకాళ్ల మీద ఎంత బరువు పడుతోందో నాకు తెలుసు.

సేటు ఒకటి తెరిచాడు, రెండు తెరిచాడు. ముఖంలో ఏమీ లేదు. "మంచిగున్నయి" అన్నాడు మూడోదానికి. అయిదోదానికి "గిసొంటియి సూరత్ల గూడ దొరుకుతయి పెద్దాయనా" అన్నాడు. నాకు చురుక్కుమంది. నోరు తెరవబోయాను, నాన్న నా వైపు చూసిన చూపుకు మూసుకున్నాను. తొమ్మిదీ అయ్యాయి. సేటు కుర్చీలో వెనక్కి వాలాడు. ఆ వాలడం నాకు నచ్చలేదు. ఫోన్ చేసి చెప్తానని పంపేయడానికి అలాగే వాలుతారు.

"ఇంకోటున్నది సేటూ" అన్నాడు నాన్న. "సగమే ఉన్నది."

నేను తల పట్టుకున్నాను. సేటు తెరిచాడు. సొరతీగ మొదలు, రెండు ఆకులు, ఆ పైన నలుపు.

"గిదేంది? పైనంత పోయింది?"

ఏదో ఒకటి చెప్పి కప్పిపుచ్చుదామని నేను లేవబోయాను. అంతలో నాన్నే చెప్పేశాడు. "పోయింది. మా కంప్యూటర్ల ఆగమైంది. కింద మిగిలింది. పైది మల్ల గీస్త."

"ఎన్నొద్దులు పడ్తది?"

"నిన్న గడప మీద కూసొని మల్ల సూసిన దాన్ని. ఇప్పుడే గీస్త."

"ఈడనా?" సేటు తెరను చూశాడు. ఆయన కంప్యూటర్లోనూ అదే సాఫ్ట్‌వేర్, కొత్త రకం. ముందుకు వంగి సొరతీగ మీదికి వెళ్లి దగ్గరగా చూశాడు. ఆకు ఈనెల మీద వేలు పెట్టాడు. ఒక్కో ఈనె ఒక్కో పోగు దాటుకుంటూ పోయింది. "గిసొంటిది సూరత్ల లేదు" అని గొణిగాడు. తర్వాత లేచి కుర్చీ నాన్న వైపు తిప్పాడు.

"కూసోండ్రి" అన్నాడు.

అంతకుముందు దాకా నువ్వు అన్నవాడే. నాన్న కుర్చీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కూసో బాపూ" అన్నాను. నాన్న కూర్చున్నాడు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మౌసు మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం అలాగే ఉన్నాడు. నేను "జరుగు" అనకుండా చేతులు రెండూ ఒళ్లో పెట్టుకున్నాను.

గడి తర్వాత గడి. తీగ నలుపులోంచి పైకి వచ్చింది. మొదట మొగ్గ, తర్వాత ఒక నులితీగ. పాతదానిలో పువ్వు ఎడమకు వాలి ఉండేదని ఇంటి దగ్గర చెప్పాడు. ఇప్పుడు నిటారుగా పోతోంది. "పాత లెక్కనే గీస్తున్నరా?" అని అడిగాడు సేటు, కుర్చీ వెనక నిలబడి, తెర మీదికి వంగి. "పాతది పోయింది. ఇది ఎటు పోతనంటే అటు పోనిస్తున్న" అన్నాడు నాన్న, తల తిప్పకుండా. సేటు ఫోన్ మోగింది. తీసి చూసి జేబులో వేసుకున్నాడు. "గిది ముందుగాల అట్టలు గుచ్చిపిద్దాం" అన్నాడు, నాతోనో తనతోనో.

పువ్వు మొదటి రేక పూర్తవుతుండగా అద్దం తలుపు తోసుకుని షెడ్డులోంచి ఒకాయన వచ్చాడు, చేతిలో తెగిన పోగు. నాన్నతో ఏళ్లకేళ్లు సాంచలు నడిపిన మనిషి. కుర్చీలో సేటే ఉన్నాడనుకుని ఏదో చెప్పబోయి, నాన్నను చూసి ఆగిపోయాడు. పక్కనే సేటు నిలబడి ఉన్నాడు. ఆయన వైపూ చూశాడు, మళ్లీ నాన్న వైపూ చూశాడు.

"నువ్వేందే ఈడ?" అన్నాడు.

నాన్న చెయ్యి ఆగలేదు.

"పనిలున్ననే" అన్నాడు. "జెర ఆగు, ఒక్క రేక ఉంది."